తెల్ల గవ్వ

1. పౌర్ణమి పోటు

'పరిచర్య' పత్రికకు వచ్చే వైద్య వ్యాసాలను ముద్రకు ముందు సమీక్ష చేసే ప్రతి సిస్టరూ దినచర్య రాయాలని రూలు. వ్యాసం చదివినప్పుడు మనసులో ఏముందో అప్పటికప్పుడు రాసిపెట్టాలి. రేపు తగవేదైనా వస్తే తెరిచి చూస్తారట. నాకు రాయడమంటే మహా బద్ధకం. అయినా రాస్తున్నాను, ఎందుకంటే రాయకపోతే సంపాదకురాలు సుభాషిణమ్మగారు ఊరుకోరు. రేవుల మధ్య వేసిన మాటల తీగ మీద ఆవిడ గొంతు వినబడితే చాలు, నేను కుర్చీలో సర్దుకుని కూర్చుంటాను.

పొద్దున్నుంచీ కాన్పుల వార్డు కిటికీలకు పట్టిన ఉప్పు గోకాం. ఒక ఆడపిల్ల పుట్టింది. పోటు ఎక్కువై, నీళ్ళ మీద తేలే మా రేవంతా ఊగుతుంటే తల్లి మంచాన్ని స్తంభానికి కట్టి కాన్పు చేశాం. పిల్ల మాత్రం ఆ ఊపు తనకోసమే అన్నట్టు హాయిగా పడుకుంది. మధ్యాహ్నం నాచు రొట్టె తింటూ వ్యాసాలు వచ్చే పలక తెరిస్తే కొత్తది వచ్చి ఉంది. రాసిన సిస్టర్ పేరుండదు, ఏ రేవో ఉండదు. చదివేది నేనని ఆమెకూ తెలియదు. అదీ రూలే.

వ్యాసం నాచు దగ్గు గురించి. నాచు పెంచే తొట్లు గోకేవాళ్ళకు ఉత్తరపు గాలి మొదలవగానే వచ్చే దగ్గు ఇది. ఊపిరితిత్తుల్లో పచ్చటి జిగురు పేరుకుపోతుంది. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి ముక్కుకు గాలి గొట్టం పెట్టడం మేమందరం చేసే పని. ఈ సిస్టర్ ఏం చేసిందంటే, మంచం చట్రానికి చేపల వల బిగించి, రోగిని అందులో బోర్లా వేలాడదీసింది. జిగురు కిందికి జారి బయటపడిందట. పన్నెండు మందిలో చాలామంది బతికారు. ఒకాయన మాత్రం వలలో భయపడి గింజుకుని, గుండె ఆగి పోయాడు. ఇద్దరికి బుగ్గలు ఒరుసుకుపోయి పుళ్ళు పడ్డాయి. అవేవీ దాచకుండా రాసింది.

చదువుతుంటే సంతోషం వేసింది. అయినా నేను రాసి పంపింది ఇది: "మంచి పని. సంఖ్య చాలదు. ఈ ఉత్తరపు గాలి కాలంలోనే నలభై మంచాలు కావాలి. సగం పాత పద్ధతి, సగం వల. ఎవరికేదో రోగులే గవ్వ తీసి తేల్చుకోవాలి."

నా రాత చూసి ఎవరైనా రాతి గుండెదనుకోవచ్చు. మా తేలే రేవుల్లో డాక్టర్లు లేరు. వాళ్ళు మెట్టకు వెళ్ళిపోయారు, మేము నీళ్ళ మీద ఉండిపోయాం. పత్రిక ముద్ర వేసిందంటే ఆ పద్ధతి మర్నాటి పోటుకల్లా అన్ని రేవుల్లోనూ చట్టం. ఒకప్పుడు దగ్గుకు నిద్ర ధూపం వేయొచ్చని పదిమందిని చూసి ఎవరో రాశారు, ఎవరో సరే అన్నారు. ఆ పదిమందీ బాగానే లేచారు. ఆ తర్వాత మా నడిమి రేవులో ధూపం వేసిన పిల్లలు లేవలేదు. వాళ్ళకు ఆఖరి నీళ్ళు పోసిన వాళ్ళలో నేనూ ఉన్నాను. అందుకే 'సంఖ్య చాలదు' అని రాయడానికి నేను వెనకాడను.

2. అష్టమి

అన్నయ్య కబురు పెట్టాడు, వదినకు దగ్గు పట్టుకుందని. పంటు ఎక్కి ఉత్తర రేవుకు వెళ్ళాను.

వదిన పేరు సుందరరత్నం. మా ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నాకు జడ వేసుకోవడం కూడా సరిగ్గా రాదు. అమ్మ లేని ఇల్లు. జడ వేసింది వదినే, నర్సు బడికి పంపింది వదినే, నేను తప్పు చేస్తే అన్నయ్య కంటే ముందు నెత్తిన మొట్టిందీ వదినే. ఇప్పటికీ నాచు తొట్లు గోకుతోంది. మానెయ్యమంటే, మానేసి ఇంట్లో మీ అన్న మొహం చూస్తూ కూర్చోనా అంటుంది. అన్నయ్య వలలు అల్లుతాడు, మాటలు అల్లడం చేతకాదు.

నన్ను చూడగానే వదిన మంచం మీంచి లేవబోయింది. "ఆడపడుచుగారు దయచేశారంటే నా పని అయిపోయినట్టే. ఏమయ్యా, చాపేసి పీట పెట్టు, లేకపోతే ఊరంతా చెప్తాది," అంది. నవ్వబోతే దగ్గొచ్చింది. తడి దగ్గు. వీపు మీద చెవి పెట్టి విన్నాను. లోపల గురగుర.

"ఏం కాదులే వదినా, మామూలు దగ్గే. గాలి మారింది కదా," అన్నాను.

"అలాగా. మరి ఆ కొంగు దొరికిందా?" అంది.

అబద్ధమాడితే నా ఎడమ చెయ్యి నడుం దగ్గర పైట కొంగు కోసం తడుముకుంటుందని వదిన కనిపెట్టి చాలా ఏళ్ళయింది. నర్సు కోటుకు కొంగెక్కడిది? అయినా తడుముతుంది. చిన్నప్పుడు ఎండుచేపలు తినేసి పిల్లి తినిందని చెప్పినప్పటి నుంచీ ఇదే వరస. అన్నయ్య కూడా నవ్వాడు. రేపు వార్డులో చేర్పిద్దామని అప్పుడు నిజమే చెప్పాను.

3. నవమి

ఉత్తర రేవు వార్డు తలుపు తీయగానే నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. గదికి ఒక పక్క మామూలు మంచాలు. ఇంకో పక్క చట్రాలకు బిగించిన వలలు, వాటిలో బోర్లా వేలాడుతున్న మనుషులు. వ్యాసం రాసింది ఎవరో, ఏ రేవో నాకు తెలియకూడదు. ఇప్పుడు తెలిసిపోయింది.

ఆమె పేరు ఫిలోమినా. నాకంటే చిన్నది. నిద్ర లేక కళ్ళ కింద నల్లబడింది. నేను ఎవరినో ఆమెకు తెలియదు, సుందరరత్నం గారి ఆడపడుచు, కాన్పుల వార్డు సిస్టర్, అంతే. వదిన పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది.

"రెండు పద్ధతులున్నాయండి. ఒకటి ఇలా వెల్లకిలా, గాలి గొట్టంతో. రెండోది ఆ వల. ఏది మంచిదో ఇంకా ఎవరికీ తెలీదు. అది తెలుసుకోడానికే గవ్వ తియ్యమంటున్నాం. మీకిష్టం లేకపోతే తియ్యక్కర్లేదు. తీశాక కూడా వచ్చే పోటు దాకా మీరు మార్చుకోవచ్చు. అప్పుడు మిమ్మల్ని లెక్కలోంచి తీసేస్తాం గానీ, వైద్యం మాత్రం మీరడిగిందే చేస్తాం. ఎవరూ ఏమీ అనరండి."

చాలా బాగా చెప్పింది. నేను పరీక్షకురాలినైతే పూర్తి మార్కులు వేసేదాన్ని. 'ఎవరికీ తెలీదు' అన్న మాట దగ్గర మాత్రం నేను నేల వైపు చూశాను.

కుండ తెచ్చారు. నల్ల గవ్వ వస్తే వల, తెల్ల గవ్వ వస్తే పాత పద్ధతి. వదిన చెయ్యి పెట్టి కాసేపు కలిపింది, సంతలో చింతపండు ఏరినట్టు. తెల్లది వచ్చింది.

"హమ్మయ్య. చేపలా వేలాడటం తప్పింది," అంది.

4. నవమి, పోటు తీశాక

వరండాలోని తీగ మీద సుభాషిణమ్మగారిని పిలిచాను. జరిగింది చెప్పాను.

"నేను తప్పుకుంటానమ్మా. వేరే సిస్టర్‌కి ఇవ్వండి," అన్నాను.

"తప్పుకో. నీ హక్కది. మీ చుట్టరికం సంగతి నేను రాసుకుంటాను, అది దాచాల్సింది కాదు. కానీ కొత్తగా వచ్చే మనిషి మొదట్నుంచీ చూస్తానంటుంది. మళ్ళీ మంచాలు వెయ్యమంటుందేమో. ఈ కాలం దాటిపోతుంది సలోమీ."

"మా వదినకి చెప్పొచ్చా?"

తీగ మీద గాలి హోరు వినిపించింది.

"నువ్వు చదివింది ముద్ర పడని వ్యాసం. అది నీది కాదు. ఆ పన్నెండు మంచాలూ చాలవని రాసింది నువ్వే. చాలవన్నాక, ఏది మంచిదో నీకు తెలుసని ఎలా అంటావు?"

"అనిపిస్తోందమ్మా."

"ధూపం రాసినావిడకీ అలాగే అనిపించింది. ఇంకో మాట. నీ మాట మీద ఆవిడ మారినా, మారకుండా ఉన్నా, ఒకరి ప్రభావంతో నిర్ణయించుకున్న మంచం లెక్కలో ఉండదు. ఒక్క మంచం తగ్గినా వ్యాసం వచ్చే ఏటికే. ఈలోగా అన్ని రేవుల్లోనూ ఎంతమంది వెల్లకిలా పడుకుంటారో నువ్వే ఊహించుకో." తర్వాత గొంతు తగ్గించి, "నేను నిన్ను ఆపలేనమ్మా. ఆ గదిలో ఉన్నది నువ్వు," అంది.

తప్పుకోనని చెప్పాను.

వరండాలోనే నిలబడ్డాను. ఆవిడ చెప్పిందంతా నిజం. నేను రేపు కొత్త సిస్టర్లకు పాఠం చెప్పాల్సి వస్తే అక్షరం మార్చకుండా అదే చెబుతాను. కానీ ఆ పన్నెండు మందిలో కళ్ళు తెరిచినవాళ్ళు నాకు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తున్నారు. చెప్పాలని ఉంది. చెప్పాలని ఎంత ఉందంటే, నోట్లో నీళ్ళు ఊరినట్టు మాట ఊరుతోంది.

తలుపు దగ్గరికి వెళ్ళాక, రెండు చేతులూ కోటు జేబుల్లో గట్టిగా దోపుకుని లోపలికి వెళ్ళాను.

వదిన దిండు మీద తల తిప్పి చూసింది. ముక్కుకు గొట్టం పెట్టేశారు. "సలోమీ, ఇందాకట్నుంచీ ఆలోచిస్తున్నాను. ఆ పక్క వలలో ఉన్నావిడ పొద్దున్న మాట్లాడింది. గంజి తాగింది. నేనేమన్నా మార్చుకోమంటావా?"

"నీ ఇష్టం వదినా."

"నా ఇష్టం నాకు తెలుసులేవే. నీకు తెలుసా, ఏది మంచిదో?"

"తెలీదు వదినా," అన్నాను.

నా మొహం వైపు చూసింది. తర్వాత కిందికి, కోటు వైపు చూసింది. చూసి, కళ్ళు మూసుకుంది. "సరేలే. ఇక్కడే బాగుంది. నువ్వెళ్ళి మీ అన్నకి అన్నం పెట్టు. తెచ్చుకుని తినడం కూడా రాదు ఆ మనిషికి," అంది.

పోటు వచ్చింది. ఫిలోమినా వచ్చి అడిగింది. మార్చుకోనని వదిన చెప్పింది.

5. ఏకాదశి దాటాక

కాన్పుల వార్డుకు సెలవు పెట్టాను. పగలంతా వదిన దగ్గరే ఉంటున్నాను. మంచం పక్క తొట్టిలో నీళ్ళు మారుస్తాను, గొట్టం కడుగుతాను, వీపు కింద గుడ్డలు మారుస్తాను. ఫిలోమినా పాత పద్ధతి మంచాలకు ఏ లోటూ చేయడం లేదు. వల మంచాల దగ్గర ఎంతసేపు ఉంటుందో ఇక్కడా అంతే ఉంటుంది. చూస్తుంటే ఒకసారి ఆమె మీద కోపం వచ్చింది, ఇంత నిజాయితీగా ఎందుకు చేస్తోందని. ఆ కోపం నిజానికి ఆమె మీద కాదని నాకు తెలుసు.

అన్నయ్య రోజూ వస్తాడు. వార్డుకు ఇంకా వలలు కావాలంటే అతన్నే అల్లమన్నారు. వదిన మంచం పక్కన చాప మీద కూర్చుని ముళ్ళు వేస్తుంటాడు. మొహానికి తగిలే చోట ముడి పడకుండా మెత్తగా అల్లమని ఫిలోమినా చెబితే, ఆ చోట పాత చీర పీలికలు చుట్టాడు. అవి వదిన చీర పీలికలే. ఒరుసుకోకుండా ఉన్నాయని అందరూ మెచ్చుకున్నారు.

"బాగా అల్లుతున్నావయ్యా. నా పెళ్ళప్పుడు ఇంత శ్రద్ధ చూపిస్తే ఏం పోయింది?" అని వదిన ఆగి ఆగి అంది. పూర్తి వాక్యం అనడం అదే ఆఖరు.

వేరే ఏ వార్డులోనైనా ఇలాంటి రోగి దగ్గర కూర్చుంటే నేను ధైర్యంగానే ఉంటాను. ఇక్కడ మాత్రం ఎదురుగా ఉన్న వలలోకి చూడకుండా ఉండలేకపోతున్నాను. ఆ గంజి తాగినావిడ ఇంటికి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు వదిన కాళ్ళకు దణ్ణం పెట్టి, మీరూ వచ్చేస్తారమ్మా అంది.

6. అమావాస్య

వదిన ఈ ఉదయం పోయింది. సముద్రం అప్పుడే పోటెత్తుతోంది. ఆఖరుకు కూడా గాభరా పడలేదు. నా చెయ్యి పట్టుకుని, ఏదో సరిగ్గా జరుగుతున్నట్టే చూసింది. ఆ చూపు నాకు అర్థం కాలేదు.

నేనూ ఫిలోమినా కలిసి నీళ్ళు పోశాం. జుట్టు నేనే దువ్వాను. వదిన చేతి గోళ్ళ సందుల్లో ఇరుక్కున్న పచ్చటి నాచు ఎంత తోమినా పోలేదు, ఏళ్ళ నాటిది. ఫిలోమినా ఏడ్చింది. "అక్కా, వీళ్ళకి చెప్పిన మాటే నాకు నేను చెప్పుకుంటున్నాను, ఏది మంచిదో తెలీదు అని. రోజురోజుకీ ఆ మాట అనడం కష్టమైపోతోంది. ఆపేద్దామంటే మధ్యలో ఆపితే ఎవరూ నమ్మరు. నలభై కావాలన్నారు ఆ సమీక్షకులెవరో," అంది.

నేను నీళ్ళ చెంబు కింద పెట్టాను.

7. దక్షిణపు గాలి మొదలైన రోజు

దగ్గుల కాలం అయిపోయింది. వ్యాసం తిరిగి వచ్చింది. నలభై మంచాలు, ఒక్కటీ తగ్గలేదు.

వలలో ఉన్న ఇరవై మందిలో ముగ్గురు పోయారు. పాత పద్ధతిలో ఉన్న ఇరవై మందిలో పదకొండు మంది పోయారు. ఎటు తిప్పి లెక్క కట్టినా అదే వస్తోంది. తప్పు పట్టడానికి ఎక్కడా ఏమీ లేదు. నా జన్మలో ఇంత శుభ్రమైన వ్యాసం చదవలేదు. పలక ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను.

ముద్రకు ముందు వినిపింపు మిగిలింది. మా పత్రికలో ఇది ఉంది: ప్రతి మంచానికి సంబంధించిన ముక్కనూ ఆ రోగికో, రోగి లేకపోతే ఇంటివాళ్ళకో సమీక్షకురాలే వెళ్ళి చదివి వినిపించాలి. మా మనిషిని తీసెయ్యండి అంటే తీసెయ్యాలి, కారణం అడగకూడదు. మీ అన్నయ్య దగ్గరికి వేరేవాళ్ళని పంపిస్తానని సుభాషిణమ్మగారు అన్నారు. నేనే వెళ్తానన్నాను.

8. మర్నాడు

అన్నయ్య గుమ్మంలో కూర్చుని వల అల్లుతున్నాడు. నేను సంచీలోంచి పలక తీయగానే అతనికి అర్థమైంది. ముళ్ళు వేసే చెక్క పక్కన పెట్టి, చొక్కా గుండీలు పెట్టుకుని కూర్చున్నాడు.

"నలభై మంచాలు వెయ్యమన్నది నేనే అన్నయ్యా. ముందు అది చెప్పి తర్వాత చదువుతాను," అన్నాను. అలా చెప్పకూడదని రూలు. చెప్పేశాను.

తలూపాడు. "చదువు."

చదివాను. "పదిహేడో మంచం. స్త్రీ, నాచు తొట్ల పని. తెల్ల గవ్వ. పాత పద్ధతి. మార్చుకునే అవకాశం ఇచ్చాం, వద్దన్నారు. అమావాస్య పోటుకు మరణించారు." అంతే, అంతకంటే లేదు. వదిన గురించి రాయాలంటే ఎంతుంది. కింద మొత్తం లెక్క కూడా చదివాను, ఎంతమంది బతికారో, ఎంతమంది పోయారో.

అన్నయ్య చివరిదాకా విన్నాడు. తర్వాత, "అయితే వలే మంచిదన్నమాట," అన్నాడు.

"అవునన్నయ్యా."

"మీ వదిన తనదే మంచిదనుకుంది." అతను గడప మీద వేలితో గీస్తూ చెప్పాడు. "ఆ రోజు నువ్వు నాకు అన్నం పెట్టడానికి ఇంటికొచ్చావు చూడు, తిన్నాక, పోటు రాకముందే నేను వార్డుకెళ్ళాను. మార్చుకోమని అడిగాను నేను. వలలో వాళ్ళు బాగున్నట్టు కనబడుతున్నారే అని. నవ్వింది. సలోమికి తెలుసయ్యా ఏది మంచిదో, అంది. ఎలా తెలుసంటే, చేతులు జేబుల్లో పెట్టుకునొచ్చింది, తడుముకోకుండా దాచుకుంది, అంది. చెప్పకూడదేమో, ఏ రూలో ఉండుంటాది, అంది."

నేను పలకను గట్టిగా పట్టుకున్నాను.

"మరి చెప్పలేదేం, అన్నాను. పిచ్చిమొహమా, అంది నన్ను. నాది చెడ్డదైతే ఆ పిల్ల నోరు మూసుకుని ఊరుకుంటాదా, రూలు గీలు అన్నీ అవతల పారేసి నన్ను ఎత్తుకెళ్ళి ఆ వలలో పడేసేది, అంది. ఊరుకుందంటే నాది మంచిదే. అలా అని నిశ్చింతగా పడుకుంది."

ఈ మాటలు నన్ను పొడవాలని అనలేదు. అన్నయ్యకు అలాంటివి చేతకావు. వదిన ఆఖరు రోజుల్లో భయపడలేదని, నన్ను తలుచుకుందని, నాకు ఓదార్పుగా చెబుతున్నాడు. నాకు గుమ్మంలో ఊపిరాడలేదు. నాచు దగ్గు లేకుండానే.

"తీసెయ్యమంటావా అన్నయ్యా?" అని అడిగాను. అడగడం నా పని.

"తీసేస్తే ఏమవుద్ది?"

"ఒకటి తగ్గుద్ది. వచ్చే ఏడు మళ్ళీ గవ్వలు తియ్యాలి."

చెక్క మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "ఉంచు. అది అక్కడ పడుకున్నందుకు ఎవరికో ఒకరికి వల దొరకనీ," అన్నాడు. ఒక ముడి వేశాక, "అన్నం తిని వెళ్ళు. నేనే వండాను," అన్నాడు. తిన్నాను. ఉప్పు ఎక్కువైంది.

9. పౌర్ణమి పోటు

సమీక్ష కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆఖరి వాక్యం అచ్చులోనే ఉంటుంది, మేము కింద సంతకం చేయాలి: "రోగులందరూ ఎవరి ప్రభావమూ లేకుండా తమంతట తామే నిర్ణయించుకున్నారని నాకు తెలిసినంతవరకు ధ్రువీకరిస్తున్నాను."

వదిన తనంతట తాను నిర్ణయించుకోలేదు. నేను మాట్లాడకపోవడాన్ని చూసి నిర్ణయించుకుంది. మాటకు ప్రభావం ఉంటుందని రూలు రాసినవాళ్ళకు తెలుసు, మౌనం సంగతి వాళ్ళకు తట్టలేదు. అయినా రూలు రూలే. నిజం రాస్తే పదిహేడో మంచం పోతుంది. ముప్పైతొమ్మిది మిగులుతాయి. వచ్చే ఉత్తరపు గాలికి అన్ని రేవుల్లోనూ మనుషులు మళ్ళీ వెల్లకిలా పడుకుంటారు, ఫిలోమినా మళ్ళీ కుండ పట్టుకుని ఏది మంచిదో ఎవరికీ తెలీదండి అని చెబుతుంది. వదిన అక్కడ పడుకున్నది వట్టిపోతుంది.

సంతకం చేస్తాను. వచ్చే దగ్గుల కాలంలో ప్రతి వార్డులోనూ వలలు కట్టి, వాటిలోంచి జనం లేచి ఇళ్ళకు వెళ్ళాక, ఈ దినచర్య నేనే తీసుకెళ్ళి సుభాషిణమ్మగారి చేతికిస్తాను. వ్యాసం ఫిలోమినాది, దానికి మచ్చ రానివ్వొద్దని అడుగుతాను. నా సమీక్ష ముద్ర తీసేసుకుంటారు. తీసుకోవాల్సిందే. అప్పుడు ధూపం రాసినావిడ పక్కన నా పేరు కూడా కొత్త సిస్టర్లకు పాఠంగా చెప్పుకుంటారేమో.

నన్ను అంతగా నమ్మకపోయి ఉంటే వదిన బతికేది. ఇది ఎవరితో చెప్పుకోవాలో తెలియడం లేదు. చెప్పుకోవలసిన మనిషి ఆమే.

సంతకం చేశాను. కుడి చేత్తో పేరు రాస్తుంటే, ఎడమ చెయ్యి నడుం దగ్గర కొంగు కోసం తడుముకుంటూ ఉంది. ఈసారి జేబులో పెట్టుకోలేదు. చూసేవాళ్ళు ఎవరూ లేరు.